కురాసావా కనుమలో కడియాల కర్ర

ఉప్పు బస్తా వీపున వేసుకుని పొగమంచులో కనుమ దిగుతున్న హెయ్‌కిచి, దారే అనుకుని గాలిలో కాలు పెట్టాడు. రెండు నిలువుల లోతు జారి, ఒక దేవదారు మోడుకు తట్టుకుని ఆగాడు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి కింద పుటుక్కున విరిగింది. ఆయన్ని తలుపు చెక్క మీద మోసుకొచ్చిన నలుగురూ ఒకే మాట అన్నారు. "ముందర కడియాల చప్పుడు ఉండుంటే పడేవాడు కాదు."

ఆ మాట జీజో గుడి సన్యాసిని చిజున్ చెవిన పడేటప్పటికి, ఆమె హెయ్‌కిచి కాలికి వెదురు బద్దలు పెట్టి కట్టు కడుతోంది. చేతులు ఆగలేదు గానీ పెదవులు బిగుసుకున్నాయి.

కురాసావా కనుమలో మంచు కరిగే రోజుల్లో పొగమంచు దిగితే తన చెయ్యి తనకే కనపడదు. అందుకని గుడిలో ఉండే ఆరుగురు సన్యాసినులూ వంతులు వేసుకుని, బాటసారులకు ముందు నడిచేవారు. చేతిలో షకుజో, అంటే కడియాల కర్ర. మనిషంత ఎత్తు కర్ర, పైన అరచేయంత ఇనుప వలయం, దానికి వేలాడే ఆరు కడియాలు, అడుగున ఇనుప పొన్ను. అడుగడుక్కీ ఘల్లుమంటుంటే వెనకవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని నడిచేవారు. ఎలుగుబంట్లు తప్పుకునేవి. తాతల నాటి నుంచీ అలాగే జరుగుతోంది.

పది రోజుల కిందట కనుమ కింది చావడికి కొత్త కాపలా నాయకుడు వచ్చాడు. పేరు ఇసోబే. కోటలో ఈటె విద్య నేర్పిన మనిషి. వచ్చిన మూడో రోజే, ఇనుము తొడిగిన కర్ర ఆయుధమేననీ, ఆయుధాలు చావడి దాటకూడదనీ చెప్పి, ఆరు కర్రలూ లాక్కున్నాడు.

చిజున్ కట్టు ముడి వేసి లేచింది. యాభై నాలుగేళ్ళ మనిషి. లేచేటప్పుడు మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"ఎక్కడికమ్మా?" అని మూలిగాడు హెయ్‌కిచి.

"కర్ర తెచ్చుకోడానికి."

దారిలో టీ కొట్టు ఒకుమా ఆమె నడక చూసి, పొయ్యి మీది కెటిల్ దించేసింది. ఒకుమా నోరు కనుమకి ఇవతలా అవతలా ప్రసిద్ధి. "ఏమ్మో, ఆ మొహం ఏంటి? పోట్లాటకేనా? ఉండు, నేనూ వస్తా. ఇలాంటిది చూడకుండా టీ అమ్ముకోమంటావా?"

చావడి ముందు ఎనిమిది రోజులుగా ఆగిపోయిన జనం ఉన్నారు. ముందు నడిచేవాళ్ళు లేక, ఆ మంచులో ఎక్కే ధైర్యం లేక, చూరు కింద ముడుచుకుని కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒకామె ఒడిలో చంటిపిల్ల.

లోపల ఇసోబే ఈటెకు నూనె రాస్తున్నాడు. మూలన ఆరు కర్రలూ గోడకి చేరగిలబడి ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక కాగితపు చీటీ కట్టి. పక్కన నిప్పుల కుంపటి దగ్గర చావడి అధికారి తొకునాగా తుమ్ముతూ కూర్చున్నాడు. ఆయనకి జలుబంటే భయం, నిర్ణయాలంటే అంతకన్నా భయం.

చిజున్ వంగి దణ్ణం పెట్టింది. "దొరగారూ, మా కర్రలు ఇప్పించండి. ఇవాళ ఒక మనిషి లోయలో పడ్డాడు."

తొకునాగా ఇసోబే వైపు చూశాడు. ఇసోబే తల ఎత్తకుండానే, "గంటలు కావాలంటే గంటలు కట్టుకోండి. ఎద్దుల మెళ్ళో ఉండేవి చాలవూ?" అన్నాడు.

"దారి చూడకుండా గంట ఒక్కటే మోగిస్తే, మోగించేదీ లోయలోకే పోతుంది నాయనా. ఈ కర్రతో మంచు పొడిచి, కింద నేలుందో లేదో చూస్తాం."

"వెదురు కర్రతో పొడవండి."

"గడ్డకట్టిన మంచులో వెదురు దిగదు."

ఇసోబే అప్పుడు తలెత్తాడు. "సన్యాసమ్మా, ఒక్కటే అడుగుతాను. బుద్ధుడి బట్ట కట్టుకున్నావు, అబద్ధం ఆడవుగా. ఈ కర్రతో మనిషిని కొట్టడం నీకు వచ్చా, రాదా?"

వెనక ఒకుమా, "రాదని చెప్పు, రాదని చెప్పు" అని గొణిగింది.

"వచ్చు," అంది చిజున్. "మా గురువమ్మ శోఎన్ నేర్పింది. పద్దెనిమిది దెబ్బలు. కనుమలో దొంగలు తిరిగే రోజుల్లో ఆవిడ ముగ్గురు కత్తులవాళ్ళని ఈ కర్రతోనే తరిమింది."

కాపలావాళ్ళు గొల్లున నవ్వారు. ఒకుమా నెత్తి కొట్టుకుంది.

"విన్నారుగా," అన్నాడు ఇసోబే.

"కొట్టడానికి పనికొచ్చేదల్లా ఆయుధమే అయితే, ఒకుమా కూరగాయల కత్తి కూడా లాక్కోండి మరి."

"నా కత్తి జోలికొస్తే చేతులు తరుగుతా!" అని అరిచింది ఒకుమా.

ఈసారి నవ్వు బయట జనంలోంచి వచ్చింది. ఇసోబే మొహం కందిపోయింది. ఆయన లేచి, ఈటె గోడకానించి, పెరట్లో ఉన్న సాధన ఈటె వైపు చెయ్యి చూపించాడు. చెక్క ఈటె అది. మొన ఉండాల్సిన చోట దూది కుక్కిన తోలు బంతి.

"సరే, రా. ఒక్క పోటీ. నువ్వు గెలిచావనుకో, ఈటెనే ఓడించిన కర్ర ఆయుధం కాక మరేమిటి? ఇక్కడే ఉంటుంది. ఓడిపోయావనుకో, పట్టుకున్న మనిషినే కాపాడలేని కర్ర బాటసారుల్నేం కాపాడుతుంది? అప్పుడూ ఇక్కడే ఉంటుంది."

"ఇదెక్కడి న్యాయం దొరా!" అంది ఒకుమా. "ముందు నుయ్యి, వెనక గొయ్యీనా?"

చిజున్ మాత్రం తొకునాగా వైపే చూస్తోంది. "దొరగారూ, ఆయుధమంటే ఏమిటో మీ నోటితో చెప్పండి."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "మనిషిని కొట్టి పడగొట్టేది. ఇంకేముంటుంది?"

"నేను ఆయన్ని ఒక్క దెబ్బ కొట్టను. ఆయన పోటు నా ఒంటికి తగలనివ్వను. అయినా ఆయన ఈటె చేజారితే?"

తొకునాగా కుంపటి మీంచి చేతులు తీసేసుకున్నాడు. ఎన్నాళ్ళకో ఆయన కళ్ళలో కాస్త కుతూహలం కనిపించింది. "అలా జరిగితే తీర్పు నేను చెప్తాను, ఇసోబే కాదు. కానివ్వండి."

పెరడంతా కరిగిన మంచు బురద. జనం కంచె చుట్టూ మూగారు. చిజున్ తన కర్ర తీసుకుని, చీటీ విప్పి నడుములో దోపుకుంది. ఎనిమిది రోజుల తర్వాత చేతికి తగిలిన ఆ బరువు ఆమె భుజాల్లోకి పాకింది. ఈటెలంటే ఆమెకి కొత్త కాదు. ఆమె తండ్రి ఈటె కర్రలు చెక్కిన మనిషి. ఓక్ కొయ్య ఎక్కడ వంగుతుందో, ఏ మెలికకి మూలుగుతుందో, పదేళ్ళప్పుడే ఆమె చెవికి తెలుసు.

మొదటి పోటు పాము నాలుకలా వచ్చింది. చిజున్ పక్కకి జరిగింది. తోలు బంతి ఆమె చేతి బట్టని రాసుకుంటూ పోయింది. రెండోది నడుముకి. కర్రతో తోసేసింది. మూడోది, నాలుగోది. ఆమె వెనక్కి, ఇంకా వెనక్కి నడుస్తోంది గానీ కర్ర మోగట్లేదు. శోఎన్ గురువమ్మ చెప్పేది: "అవతలివాడు నీ మాట వినాలనుకున్నప్పుడే మోగించు."

కంచె వీపుకి తగిలేంత దగ్గరికి వచ్చాక, ఆమె కర్రని ఎడమ పక్కకి ఒక్కసారి విదిలించింది. ఘల్లు! ఇసోబే చూపు అటు తిరిగింది, రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఆయన ఎడమ మోకాలు ఆమె ముందర బారుగా తెరుచుకుంది. అడుగున ఇనుప పొన్ను ఉంది. ఒక్క పొడుపు చాలు. హెయ్‌కిచి కాలు విరిగినట్టే విరిగేది. చిజున్ మనసులో కోపం బుస్సున లేచింది. చేతులు అప్పటికే కదిలాయి.

ఆమె వాటిని ఆపింది.

ఆ ఆపడంలో అడుగు తప్పింది. గడ్డి చెప్పు బురదలో జారి, ఒక మోకాలు నేలకి తాకింది. చూరు కింద చంటిపిల్ల తల్లి కెవ్వుమంది. ఒకుమా నోరు మొదటిసారి మూతపడింది.

ఇసోబేకి ఇంకేం కావాలి? ఒళ్ళంతా కూడదీసుకుని, సూటిగా గుండెకి గురిపెట్టి పొడిచాడు.

చిజున్ ఈటెని చూడలేదు, ఇసోబేనీ చూడలేదు. తోలు బంతిని మాత్రమే చూసింది. కూర్చున్నచోటే కర్ర తల ఎత్తి, ఇనుప వలయాన్ని దానికి ఎదురు పెట్టింది. బంతి కడియాలని తోసుకుంటూ వలయంలోకి దూసుకుపోయింది. ఆమె భుజాన్ని తాకడానికి బెత్తెడు దూరం ఉందనగా, కర్రని మెలితిప్పింది. కడియాలు బంతి వెనక బిగుసుకున్నాయి.

ఇసోబే ఈటె వెనక్కి లాగాడు. రాలేదు. బలమంతా పెట్టి లాగాడు. ఆ లాగుడుకి చిజున్ లేచి నిలబడింది. కలుక్కుమనే మోకాళ్ళతో తనంతట తాను లేవాలంటే కష్టపడేదే, పట్టుకొమ్మ ఆయనే అందించాడు. ఆయన లాగుతున్నాడు, ఆమె ముందుకి నడుస్తోంది. ఒక్కో అడుగుకీ ఒక్కో మెలిక. ఈటె పొడుగు ఇక ఆయనకే అడ్డం. మణికట్లు ఒకదాని మీదికొకటి తిరిగిపోయాయి. ఓక్ కొయ్య మూలిగింది.

"నాయనా," అంది చిజున్, ఇద్దరికే వినపడేలా. "ఇంకో మెలిక తిప్పితే ఇది విరుగుతుంది. అంతకన్నా ముందు నీ చెయ్యి విరుగుతుంది. వదిలెయ్."

ఇసోబే ఆమె కళ్ళలోకి చూశాడు. చెమట ముక్కు చివరికి జారింది. వదిలేశాడు.

చిజున్ కర్రని నిటారుగా నేలకి ఆనించింది. దాని తలకి ఈటె అడ్డంగా వేలాడుతోంది, వలలో పడ్డ చేపలా. కంచె చుట్టూ ఒక్కసారిగా కేక లేచింది. ముసలివాళ్ళు ఊతకర్రలు ఎత్తారు. కాపలావాళ్ళలో ఇద్దరు తమ నాయకుడు ఓడిపోయాడన్నది మరిచిపోయి చప్పట్లు కొట్టి, గుర్తొచ్చాక చేతులు వెనక్కి దాచుకున్నారు.

"చూశారా! చూశారా!" అని ఒకుమా ఎగురుతోంది. "ఒక్క దెబ్బ లేదు! ఈగ వాలినంత దెబ్బ కూడా లేదు!"

తొకునాగా అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు. తుమ్ము వస్తుంటే ఆపుకుని, గొంతు సవరించుకున్నాడు. "ఆమె కొట్టలేదు. కాబట్టి అది ఆయుధం కాదు. ఆమెకి దెబ్బ తగల్లేదు. కాబట్టి పనికిరాని కర్రా కాదు. పుస్తకంలో దాన్ని ఏమని రాయాలో మాత్రం నాకు తెలీడం లేదు."

"దారి చూపేదని రాయండి!" అని చూరు కిందనుంచి చంటిపిల్ల తల్లి అరిచింది.

"అదే రాస్తాను," అన్నాడు తొకునాగా. అంత తేలిగ్గా ఆయన అంతకుముందెప్పుడూ ఏ నిర్ణయమూ చెయ్యలేదు. "ఇవాళ్టి నుంచి సన్యాసినుల కర్రలకి అడ్డు లేదు."

వలయంలోంచి బంతి ఊడదియ్యడానికి ఇసోబేకి ఇద్దరు కాపలావాళ్ళ సాయం కావలసి వచ్చింది. ఒకడు కర్ర పట్టుకున్నాడు, ఇంకొకడు ఈటె పట్టుకున్నాడు, ఇసోబే మధ్యలో వేళ్ళు దూర్చి తిట్టుకున్నాడు. బంతి ఊడింది, లోపలి దూది సగం కడియాలకే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన లోపలికి పోయి, మిగిలిన అయిదు కర్రలూ తన చేతుల్తోనే మోసుకొచ్చాడు.

"నా మోకాలు నీకు దొరికింది," అన్నాడు మెల్లగా. "నేను ఈటె పట్టి ఇరవై రెండేళ్ళయింది, నాకు తెలుసు. ఎందుకు పొడవలేదు?"

"పొడిస్తే కర్రలు ఇక్కడే ఉండిపోయేవి."

"అంతేనా? ఇంకే ధర్మమూ లేదా?"

"ధర్మం తర్వాత గుర్తొచ్చింది నాయనా. ముందు గుర్తొచ్చింది కర్రలే."

ఇసోబే ఆమె మొహంలోకి తేరిపార చూసి, పెద్దగా నవ్వేశాడు. ఆ చావడికి వచ్చాక ఆయన నవ్వడం కాపలావాళ్ళు చూడటం అదే మొదలు. "ఇంకోసారి నా బంతి అందులో దూరదు."

"ఇంకోసారి నేను వలయం పెట్టను," అంది చిజున్. ఇసోబే నడుము వంచి దణ్ణం పెట్టాడు. మాటవరసకి కాదు, శిష్యుడు వంగినంత కిందకి వంగాడు.

కబురు అందుకుని మిగిలిన అయిదుగురు సన్యాసినులూ గుడి దగ్గర్నుంచి పరుగున దిగి వచ్చారు. ఎవరి కర్ర వాళ్ళు అందుకున్నారు. కొండ మీద పొగమంచు అలాగే ఉంది గానీ, ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ వెనకాడలేదు. మూటలు భుజాలకెక్కాయి. చంటిపిల్లని తల్లి వీపున కట్టుకుంది. కాపలావాళ్ళు గేటు కొయ్య పైకెత్తారు. ఆరు కర్రలూ ఒక్కసారి నేలకి తగిలాయి. ముప్పై ఆరు కడియాల మోతకి చావడి చూరు మీద నీటి బొట్లు జలజలా రాలాయి, గుర్రాలు చెవులు నిక్కించాయి. ఎనిమిది రోజులు ముడుచుకుని కూర్చున్న జనం ఊరేగింపులా కదిలారు.

చిజున్ అందరికన్నా ముందు నడుస్తోంది. భుజం సలుపుతోంది, మోకాలికి అంటిన బురద ఆరి బిగుసుకుంటోంది. అయినా లోపల ఏదో పొంగుతుంటే, సన్యాసినికి తగదని ఎంత అణుచుకున్నా నవ్వు ఆగడం లేదు.

వెనక పొగమంచులో ఒకుమా గొంతు ఖంగున మోగుతోంది. పోటీ చూడనివాళ్ళకి కథ చెబుతోంది. మొదటి మలుపు దగ్గర ఇసోబే ఈటె చేజారింది. రెండో మలుపు దగ్గర అది రెండు ముక్కలైంది. శిఖరం దగ్గరపడేసరికి ఇసోబే గాల్లో మూడు పల్టీలు కొట్టి, చావడి కప్పు మీద పడ్డాడు.

"నిజమేనా అమ్మా?" అని చంటిపిల్ల తల్లి ముందుకి వంగి అడిగింది.

చిజున్ అబద్ధం ఆడదు. అందుకని ఏమీ మాట్లాడకుండా, కర్రని ఇంకాస్త గట్టిగా మోగించింది.