చెయ్యి చాచినంత దూరం

షాఫ్టు మీది పసుపును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ వచ్చి, కుంకుమ బొట్టు దగ్గర ఆగాడు జానకిరామ్. అది నరసాపురం రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు ఇంజనుది. పొద్దున్నే పంటు నడిపే సరంగు బంగార్రాజు వచ్చి పూజ చేసి వెళ్లాడు. బొట్టు చెరిపితే మొహం మాడ్చుకుంటాడని దాన్ని వదిలేసి పక్కన చోటు చూసుకున్నాడు.

వెల్డింగు వేడికి ఇనుములో కంటికి కనబడని బిగువు మిగిలిపోతుంది. పైకి నిగనిగలాడే షాఫ్టే నడిగోదావరిలో పుటుక్కున విరుగుతుంది. దాన్ని కోయకుండా, గుప్పిట్లో పట్టే విద్యుదయస్కాంతాన్ని ఆనించి ఆ బిగువును కొలవడం అతని పని. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ ఇదే పని, ఇదే షెడ్డు.

కిందటి నెల అతని ఎడమ రొమ్ములో పేస్‌మేకర్ పెట్టారు. అయస్కాంతాల జోలికి పోవద్దన్నాడు డాక్టరు. షెడ్డు యజమానికి చెబితే పని పోతుంది, చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు. జానకిరామ్ చెప్పలేదు. ఇంట్లో కూర్చున్న ఆ నెలంతా తానొక మనిషినని అతనికే అనిపించలేదు, పాపం.

"ఈ పని మానేద్దురూ," అంది పొద్దున భార్య నాగవల్లి.

"చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటాన్లే."

"మీ సంగతి నాకు తెలీదేంటండీ."

నిజమే, ఆమెకు తెలుసు. చెయ్యి కదలకుండా షాఫ్టు మీద రొమ్ము ఆనించి, దాన్ని కావిలించుకుని కొలవడం అతని అలవాటు.

మధ్యాహ్నం దాకా జాగ్రత్తగానే ఉన్నాడు. కానీ చాచి పట్టుకుంటే చెయ్యి కుదురుగా ఉండక, వెల్డింగు అతుకు దగ్గర మీటరులో అంకె నిలవడం లేదు.

"సాయంత్రానికి పంటు తిప్పుకోవచ్చాండీ?" అన్నాడు బంగార్రాజు గుమ్మంలోంచి.

"ఉండండి. జనం ఎక్కేది కదండీ. తేల్చి చెప్తాను."

బంగార్రాజు టీకి వెళ్లాడు. జానకిరామ్ మళ్లీ మొదలుపెట్టాడు. ధ్యాసంతా అంకె మీదే. ఎప్పుడు వంగాడో, రొమ్ము ఎప్పుడు ఆనిందో అతనికే తెలియలేదు. అంకె నిలిచింది. అతుకు బాగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు, నిజంగానే సంతోషం వేసింది. ఆ వెంటనే కళ్లు చీకట్లు కమ్మాయి.

బంగార్రాజు అతనికీ ఓ టీ పట్టుకుని తిరిగొచ్చాడు కానీ చాలాసేపు పిలవలేదు. షాఫ్టు మీద వాలి ఉన్న జానకిరామ్‌ను ఎన్నిసార్లు చూశాడో. పని చెడగొట్టడం ఎందుకని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"టీ చల్లారిపోతోందండీ," అన్నాడు చివరికి, భుజం తట్టి. జానకిరామ్‌లో ఊపిరి లేదు.

ఆ సాయంత్రం పంటు తిరగలేదు. మర్నాడు షెడ్డు తెరిచేసరికి షాఫ్టు మీద, అతని రొమ్ము ఆనిన చోట, చెమటకు జానెడు మేర తుప్పు పట్టి ఉంది.