ఒక జోడు, నాలుగు కళ్లు

నేను ఒక కళ్లజోడును. దూరపు చూపుది. గోధుమరంగు ఫ్రేము, ఎడమ పక్క స్క్రూ ఎప్పుడూ వదులే. బొబ్బిలిలో ఓ దుకాణంలో నా అద్దాలు అరగదీసి, అంచులు సరిచేసి, డబ్బాలో పడుకోబెట్టినప్పుడు ఎవరో ఒక్క మనిషి ముక్కు మీద కూర్చుని మర్యాదగా బతికేద్దామనుకున్నాను. మనుషుల సంగతి అప్పటికి నాకు తెలియదు.

నన్ను కొనుక్కున్నది సుగుణమ్మ. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయింది. ఆవిడ స్నేహితురాలు తవిటమ్మ అదే కేంద్రంలో ఆయా. పిల్లలు అల్లరి చేసినప్పుడల్లా సుగుణమ్మ ఒకే కథ చెప్పేది. చిన్నప్పుడు స్కూలువాళ్లతో హైదరాబాదు వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసిన గడియారం కథ. "గంట కాగానే తలుపు తెరుచుకుని వేలెడంత గడ్డపాయన బయటికొస్తాడు. టైము ఎంతైతే అన్ని గంటలు కొట్టి లోపలికి పోతాడు" అనేది. పిల్లలు నోళ్లు తెరిచేవారు. వాళ్ల వెనకాల గరిటె పట్టుకుని తవిటమ్మా తెరిచేది. ఆ గడ్డపాయన నిజంగా ఉన్నాడో లేడో ఒక్కసారి కళ్లారా చూడాలని ఆమె కోరిక. ఏళ్ల తరబడి దాచుకున్న ఆ ఒక్క కోరిక కోసమే ఇద్దరూ టూరు బస్సెక్కారు. పన్నెండింటికల్లా మ్యూజియానికి చేరితే పన్నెండు దెబ్బలూ చూడొచ్చని సుగుణమ్మ ప్లాను.

ప్లాను బాగానే ఉంది. వానే ఒప్పుకోలేదు.

చార్మినారు దగ్గర దిగేసరికి కుండపోత. ఉన్న ఒక్క గొడుగునూ "నువ్వు తడుస్తున్నావు" అంటే "మీరు తడుస్తన్నారు" అంటూ ఒకరి మీదికి ఒకరు తోసుకుని ఇద్దరూ శుభ్రంగా తడిశారు. సుగుణమ్మ నాలుగడుగులకోసారి ఆగి నన్ను కొంగుతో తుడిచేది. కొంగేమో పిండితే చెంబుడు నీళ్లొచ్చేలా ఉంది. తడి గుడ్డతో తడి అద్దాన్ని తుడిస్తే ఏమవుతుందో ఊరి పిల్లలందరికీ చదువు చెప్పిన మనిషికి తట్టకపోవడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అంతలో తవిటమ్మ మినార్లు చూద్దామని తల పూర్తిగా వెనక్కి వాల్చింది. ఆమె కళ్లజోడు జారి మోకాలి లోతు నీళ్లలో పడింది. ఇద్దరూ వంగి, బురదనీళ్లలో కాళ్లతో తడుముతూ వెతకడం మొదలుపెట్టారు. గాజు వస్తువును ఎవరైనా కాళ్లతో వెతుకుతారా? దారిన పోయేవాళ్లు ఆగి, ఏం పోయిందో కూడా అడక్కుండా తలో సలహా ఇచ్చారు. ఎట్టకేలకు దొరికింది. సుగుణమ్మ చెప్పు కింద పటుక్కుమంది.

ఈ గొడవలో పన్నెండు దాటిపోయింది. అప్పటినుంచి నేను ఇద్దరి సొత్తునయ్యాను. ఇద్దరి పవరూ ఇంచుమించు ఒకటే కావడం నా ఖర్మ. మ్యూజియంలో ఏ బొమ్మ ముందు నిలబడినా ఈ ముక్కు మీంచి ఆ ముక్కు మీదికి మారడమే పని. ఇద్దరి ఊపిరికీ ఆవిరి పట్టి నాకే ఏమీ కనిపించలేదు.

ఒంటిగంట కావస్తుంటే గడియారం ముందు చేరారు. ఈసారి ఒక్క దెబ్బే. తవిటమ్మ నన్ను తీసి సుగుణమ్మ చేతిలో పెట్టింది.

"మీరు సూడండి టీచరమ్మా. నాకు మీరు సెప్తే సాలు."

"ఇదెక్కడి గోలే! వచ్చిందే నీకోసం. పెట్టుకో."

"జోడు మీది గదా. నానెలా పెట్టుకుంతాను?"

"ఇందాకటినుంచీ పెట్టుకున్నది ఎవరు మరి? పెట్టుకోమంటే!"

రెండోసారి పప్పు వడ్డించబోతే విస్తరికి చేతులు అడ్డం పెడతారే, ఆ మొహమాటం ఇక్కడ మొదలైంది. నేను గాల్లో, రెండు చేతుల మధ్య ఊగుతున్నాను. అదిగో తలుపు తెరుచుకుంది, అటు చూడండి తల్లుల్లారా అని అరవడానికి నాకు నోరు లేదు. గడ్డపాయన వచ్చాడు. ఠంగుమని ఒక్కటి కొట్టాడు. వెళ్లిపోయాడు. ఆ దెబ్బ చూసింది నేనొక్కదాన్నే.

తవిటమ్మ మొహం చిన్నబోయింది. "మనకి పాప్తం నేదు. రండి టీచరమ్మా, ఒకటిన్నరకి బస్సు గోల్కొండెలిపోతాది" అంది. సుగుణమ్మ కదల్లేదు. ఆ బెంచీ మీదే కూలబడి, "పోతే పోనీ. ఎలాగోలా రాత్రికి రూముకి చేరతాం. రెండింటికి రెండు దెబ్బలు. మొదటిది నీది, రెండోది నాది. మళ్లీ నోరెత్తావంటే ఊరుకోను" అంది. బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ తడి చీరల్లో వణుకుతూ కూర్చున్నారు.

రెండైంది. నేను తవిటమ్మ ముక్కు మీద ఉన్నాను. తలుపు తెరుచుకుంది. మొదటి దెబ్బ. ఇప్పుడు నన్ను తీసి ఇవ్వాలి. ఇవ్వదే! చెయ్యి కూడా లేవలేదు. కొయ్యబారిపోయి నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడైనా అడగొచ్చు కదా అని సుగుణమ్మ వైపు చూశాను. ఆవిడ అసలు గడియారం వైపే చూడటం లేదు. తవిటమ్మ మొహంలోకి చూస్తూ ఉంది. రెండో దెబ్బ పడింది. తలుపు మూసుకుంది.

అప్పుడు తెలివొచ్చింది తవిటమ్మకు. "అయ్యయ్యో! మీకియ్యనే నేదు!"

"నాకు దగ్గర చూపు బాగానే ఉందిలేవే" అంది సుగుణమ్మ.

ఇప్పుడు ఇద్దరికీ శుక్లాల ఆపరేషన్లయ్యాయి. నాతో పని లేదు. సుగుణమ్మ పాత హ్యాండ్‌బ్యాగులో, ఎండిపోయిన వక్కపొడి మధ్య పడి ఉన్నాను. సాయంత్రాలు వీధి అరుగు మీద మాటలు వినిపిస్తాయి. చుట్టుపక్కల పిల్లలు కథ చెప్పమంటారు. సుగుణమ్మ "వేలెడంత గడ్డపాయన" అని మొదలుపెడుతుందో లేదో తవిటమ్మ అడ్డుపడుతుంది. "వేలెడంతేటి! జానెడున్నాడు. నాను సూసినాను గదా!"

"చూశావు కదా, ఇకనుంచి నువ్వే చెప్పు" అని సుగుణమ్మ పిల్లల మధ్యకు జరిగి కూర్చుంటుంది.

ఒంటిగంట దెబ్బ కూడా చూసినదాన్ని నేనిక్కడ ఉన్నానని ఎవరికీ గుర్తులేదు. పోనీ, ఒక్కసారి బయటికి తీసి నన్ను తుడవచ్చు కదా. పొడి గుడ్డతో. ఆ ఆలోచన ఇద్దరికీ రాదు.