మీగడ వనవిహారము

మార్గశీర్షమాసమున నొకనాటి ప్రాతఃకాలమున మదనపల్లెకు సమీపమందలి హార్సిలీకొండ శిఖరశిలాతలములను దట్టమైన మంచు ముసుగువలె కప్పియుండగా నీలగిరిచెట్ల ఆకుల కొనలనుండి హిమబిందువు లెడతెగక రాలుచుండగా కంటికి గానరాని పికిలిపిట్ట యొకటి యుండియుండి కూయుచుండగా నొక యెఱ్ఱని చిన్నకారు మలుపుమలుపునకును కూత వెట్టుచు మెల్లమెల్లగా కొండ నెక్కుచుండెను.

ఆ కారును నడుపునది సువర్చల. మదనపల్లెలో నొక బ్యాంకునందు ఉద్యోగము చేయునది. ఆమె ప్రక్కను గూర్చున్నది యత్తగారైన భానుమతమ్మ. వెనుకసీటునందు బెల్టుతో బిగింపబడిన వలసంచిలో ధవళరోమశోభితయు హరితనేత్రయు నైన మీగడ యను పిల్లి చెవులు నిక్కించి కూర్చుండెను. అది మూడవ యంతస్తునందలి యింట బుట్టి పెరిగి దినమెల్ల కిటికీకమ్ములకు ముఖమానించి పావురములను జూచుచు కాలము పుచ్చుచుండుట గాంచి సువర్చల మనసు కరగి దానికి నొక్కసారియైన మన్నును గడ్డిని చూపవలెనని సంకల్పించెను.

సంకల్పించినది గాని తొందరపడలేదు. పశువైద్యునిచే టీకా వేయించెను. మెడకు తన ఫోను నంబరు చెక్కించిన బిళ్ల గట్టెను. ఱొమ్మును నడుమును చుట్టివచ్చు పట్టీని మొదట నింటిలోనే తొడిగి పిల్లి దానికి అలవాటుపడు వఱకు నోపికతో మేడమీద త్రిప్పెను. పట్టీకిని మేనికిని నడుమ రెండువ్రేళ్లు దూరవలెను గాని అంతకు మించి సందుండరాదనియు బెదరిన పిల్లి వెనుకకు నడచినచో వదులుపట్టీ నిలువదనియు వైద్యుడు చెప్పిన మాటను జపమువలె నెన్నిసార్లు తలచుకొన్నదో లెక్క లేదు.

భానుమతమ్మ సంగతి వేఱు. పిల్లి యన్న తనకు గిట్టదని యిరుగుపొరుగులతో చెప్పుచునే సంధ్యవేళ నెవ్వరును చూడకుండ దానికి ఉప్పుతో దిష్టి తీయు నిల్లాలామె. గోళ్లకు వెఱచి దాని నెన్నడును ఎత్తుకొన్నది లేదు. ఆనాడు ప్రయాణమునకు ముందు కోడలు తలుపులకు తాళములు వేయుచుండగా నామె పిల్లికి పెరుగన్నము కడుపునిండ బెట్టి ఆ నిండుకడుపును పట్టీ యొత్తుచున్నదని జాలిపడి బకిలీని ఒక రంధ్రము వెనుకకు జరిపి సంచిలోనికి దోలి యా మాట కోడలికి చెప్పక యూరకుండెను. కోడలు మందలించు నను జంకే గాని వేఱు దురుద్దేశ మామెకు లేదు.

కొండమీద జనసంచారము లేని యొక చదునునేల జూచి సువర్చల సంచిలోనికి చేయి దూర్చి పట్టీకి త్రాడు తగిలించి పిదప నోరు పూర్తిగా తెఱచి పిల్లి తనంతట వెలువడు వఱకు వేచియుండెను. మీగడ ముందు ముక్కును పిదప మీసములను అటుపిమ్మట నొక పాదమును వెలికిడి తడిగడ్డిని ముట్టి పాదము విదిలించి మఱల ముట్టెను. సువర్చల కన్నులు చెమ్మగిల్లెను. ఆ సంతోషములో ఆమె పట్టీలోనికి వ్రేళ్లు దూర్చి చూచుట మఱచెను.

ఇంతలో భానుమతమ్మ క్రొత్తచోట బిడ్డ యడుగు పెట్టునప్పుడు టెంకాయ కొట్టకుండుట యెట్లని తలచి చేతిసంచిలో దాచి తెచ్చిన టెంకాయను దీసికొని సమీపశిలను కొండదేవతగా భావించి మ్రొక్కి బలముకొలది కొట్టెను. ఆ శబ్దము పిడుగువలె కొండరాళ్లలో మాఱుమ్రోగెను. పిల్లి నేల కంటుకొని వెనుకకు వెనుకకు నడచెను. పట్టీ భుజములమీదుగా చెవులమీదుగా జారెను. తెల్లని మెఱపొకటి రాళ్లసందున మాయమయ్యెను. సువర్చల చేత త్రాడును త్రాటికొనను ఖాళీపట్టీయు మిగిలెను.

“మీగడా! ఓ మీగడా!” యని భానుమతమ్మ చేతులు చఱచుచు రాళ్లవైపు పరుగిడెను.

“అత్తయ్యా! అరవవలదు, పరుగెత్తవలదు. అరచినకొలది అది లోలోనికి పోవును. బెదరిన పిల్లి దూరము పోదు, దగ్గఱనే దాగును. మనము కదలక కూర్చుండవలెను” అని సువర్చల మెల్లగా పలికెను.

ఇంటివాసన గల పాతగుడ్డను వలసంచిలో బఱచి నోరు తెఱచి రాళ్లయెదుట నుంచి యిరువురును కొంచెము దూరమున గూర్చుండిరి. పరుగెత్తవలెనని కాళ్లు త్వరపెట్టుచుండగా కూర్చుండుటకన్న కష్టమైన పని లోకమున లేదు. సువర్చల ఖాళీపట్టీని త్రిప్పి చూచెను. బకిలీ యుండవలసిన రంధ్రమున లేదు. ఆమె కంతయు నర్థమయ్యెను. కోపము వచ్చెను గాని ప్రక్కను చెఱగు కొఱుకుచు కూర్చున్న ముసలామె ముఖము జూచి మ్రింగివేసెను.

అంతలో క్రిందిమలుపున నొక జీపు పాటలు హోరెత్తించుచు వచ్చి నిలిచెను. దాని వెంట తినుబండారముల నాసించి రెండు వీధికుక్కలును వచ్చి గడ్డి వాసన చూచుచు రాళ్లవైపు తిరిగెను. “మీరిచ్చటనే యుండుడు. కదలకుడు” అని చెప్పి సువర్చల జీపువారికడకు వడివడిగా పోయి రెండుచేతులు జోడించి పాట నాపుడనియు కుక్కలను అటే నిలుపుడనియు వేడుకొనుచుండెను.

భానుమతమ్మ యొంటిగా మిగిలెను. రాతిసందున రెండు పచ్చని కన్నులు మెఱసెను. పేరు పెట్టి పిలువవలె నని నాలుక దాక వచ్చిన పిలుపును ఆమె పండ్లతో నదిమిపట్టెను. మీగడ పొట్ట నేలకాన్చి ఒక యడుగు వెలికి వచ్చెను. మఱియొక యడుగు వైచెను. సరిగా నా క్షణముననే కుక్క మొఱిగెను. పిల్లి సంచివైపు పోలేదు, రాళ్లలోనికిని పోలేదు. ఎదుట గనబడిన యొడిలోనికి దూకి గోళ్లన్నియు తొడలో దించెను.

భానుమతమ్మ కన్నులు చీకట్లు గమ్మెను. అరచినచో నది మఱల పాఱిపోవు నని యెఱిగి ఆమె కిక్కురుమనలేదు. గోళ్లు దిగుచున్నకొలది చెఱగుతో దానిని గప్పి రెండుచేతులతో పొట్టకు హత్తుకొనెను. నేత చీరమీద నెత్తురుచుక్కలు పూయుచుండెను.

కుక్కలను జీపువారు అదిలించి పట్టుకొనగా సువర్చల తిరిగి వచ్చి ఆ చెఱగును, ఆ నెత్తురును, చెఱగుక్రింద కదలుచున్న తోకకొనను జూచి యత్తగారి యెదుట గూర్చుండెను. చెఱగుక్రిందనే పట్టీ తొడిగి బకిలీ బిగించి రెండువ్రేళ్లు దూర్చి చూచి త్రాడు మణికట్టునకు చుట్టుకొనెను.

“అమ్మాయీ, దానిని వదులు చేసినదానను నేనే. కడుపు నొచ్చు నని…” భానుమతమ్మ మాట పూర్తికాలేదు.

“నాకు దెలిసెను, అత్తయ్యా. సంచి తెఱచుటకు మునుపు చూచుకొనవలసినదానను నేను. ఇక దానిని సంచిలో బెట్టుదము, ఇటు తెండు.”

“ఇప్పుడే వద్దు. ఇంకను వణకుచున్నది” అని యామె చెఱగు వదలకపోయెను.

సువర్చల చెఱగుమీద చేయి వైచి చూచెను. నిజమే, లోపల నేదియో గడగడ వణకుచుండెను. కాని పిల్లి యప్పటికే కన్నులు మూసి గుఱ్ఱుమనుచుండెను. వణకుచున్నవి భానుమతమ్మ చేతులు.