జేబులో ఉండిపోయిన చీటీ

భూకంపం వచ్చిన మూడోవారంలో మా లెయోగాన్ ఊరి చెరకుతోటల పక్కన విదేశీ సైనికులు డేరాలు వేశారు. శిథిలాలు తీయడం వాళ్ల పని. వాళ్లది స్పానిష్. సరిహద్దు అవతలి దేశంలో పన్నెండేళ్లు చెరకు కొట్టినవాణ్ణి గనక నాకా భాష వచ్చు. కెప్టెన్ ఇబార్రా నన్ను దుబాసీగా పెట్టుకున్నాడు. ఆయన బట్టలుతికే పని ఒసీలియా వదినకు నేనే ఇప్పించాను.

వదిన భర్త దియూసెల్ నా స్నేహితుడు. కుట్టుపని నేర్పే బడిలో మాస్టారు. భూకంపం వచ్చిన సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక కత్తెరలు లెక్క చూసుకోవడానికి ఆగాడు. రెండంతస్తులూ ఆయన మీదే కూలాయి.

రాజధాని నుంచి పెద్దలు వచ్చిన రోజున కెప్టెన్ కొత్త యూనిఫారం వేసుకుని నిలబడ్డాడు. వదిన తిన్నగా వెళ్లి ఆయన చేతిలో ఒక చీటీ పెట్టింది. బడి ఎక్కడుందో, దియూసెల్ ఏ మూల గదిలో ఉన్నాడో అందులో నాచేత స్పానిష్‌లో రాయించింది. మడిచి నీలం దారంతో కట్టింది. కెప్టెన్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, "చూద్దాం" అన్నాడు.

"ఏమన్నాడు మరిదీ?"

ఆమె ముఖం చూసి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "వచ్చేవారం శిథిలాలు తీసే మిషన్ పంపుతాడట వదినా" అన్నాను.

ఆ తర్వాత వారం కూడా అదే చెప్పాను. రోడ్డు పనిలో ఉన్నారన్నాను, డీజిల్ లేదన్నాను. "చెరకు గడల మధ్య నేర్చిన భాష కదా, సగం పిప్పే వస్తుంది" అని ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసమే మళ్లీ అబద్ధమాడేవాణ్ణి.

పదిహేనో రోజున ఆ కొత్త యూనిఫారం ఉతుక్కి వచ్చింది. నీళ్లలో వేసేముందు వదిన జేబులు తడిమింది. చీటీ ఉంది. దారం ముడి కూడా విప్పలేదు.

నా డేరా ముందుకొచ్చి అరచేతిలో పెట్టి చూపించింది.

"వచ్చేవారం అన్నది ఎవరు? ఆయనా, నువ్వా?"

నేను నేల చూశాను.

"సరే. బట్టలు ఇచ్చేటప్పుడు నా వెనకాల నిలబడు. నోరు మాత్రం తెరవకు."

ఆ యూనిఫారం ఉతికి, కర్రపెండలం గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో మడత నలగకుండా ఇస్త్రీ చేసింది. మర్నాడు పొద్దున దాని మీద చీటీ పెట్టి కెప్టెన్‌కు అందించింది. తనకు వచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతో తనే అడిగింది. "నా భర్త. ఎప్పుడు?"

కెప్టెన్ దారం తెంపి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ మధ్యాహ్నమే కూలిన బడి దగ్గరికి వచ్చాడు. ఎవరో పెద్దాయన వస్తాడని అదే యూనిఫారం వేసుకున్నాడు. అలాగే బోర్లా పడుకుని కాంక్రీటు పలక కింది పగుల్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. లేచేసరికి ఛాతీ అంతా సున్నం పొడి. ఆయన దులుపుకోలేదు.

"ఫ్రెనెల్, ఉన్నదున్నట్టు చెప్పు" అని నాతో అన్నాడు. "మా మిషన్‌తో కదిపితే పక్కగోడ కూడా ఆయన మీదే కూలుతుంది. పెద్ద క్రేన్ కావాలి. మా దగ్గర లేదు. వస్తుందని నేను మాట ఇవ్వలేను."

ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు.

వదిన ఏడవలేదు. నావైపు తిరిగింది. "ఇది మొదటిరోజే చెప్పుంటే ఆయన కర్మ ఆరోజే చేసుకునేదాన్ని కదయ్యా. శవం వస్తుందని ఇంటి తలుపు కోయించి పెట్టె చేయించాను. రోజూ దాని పక్కనే పడుకుంటున్నాను. నాకు ఆశ ఎవరు పెట్టమన్నారు?"

కెప్టెన్ ఆమె ఏమందని అడిగాడు. నేను చెప్పాను. నా అబద్ధాలు కూడా చెప్పాను. ఆయన నావైపు చూసి జీపెక్కాడు.

ఆ పెట్టెను పక్క డేరాలో జ్వరంతో పోయిన ముసలమ్మకు ఇచ్చేసింది వదిన. శవం లేకుండానే తొమ్మిది రోజుల ప్రార్థనలు చేయించింది. నన్ను పిలవలేదు. తొమ్మిదోనాడు బయట నిలబడ్డాను. లోపల పాడుతున్నారు, దియూసెల్ పేరు రెండుసార్లు వినిపించింది. ఎవరో వచ్చి తడిక మూసేశారు.

వానలు మొదలయ్యాక ఆ దళం వెళ్లిపోయింది. కొత్త దళం వచ్చింది, వాళ్ల యూనిఫారాల రంగు వేరు. వదిన వాటినీ ఉతుకుతోంది. తిండికి మరో దారి లేదు. బడి పలకల సందుల్లో పిచ్చిమొక్కలు మొలిచాయి. నేను ఎదురైతే ఆమె బట్టలమూట రెండో భుజానికి మార్చుకుని, తల తిప్పుకుని వెళ్లిపోతుంది.