ఉత్తచేతుల వేటగాడు

ఫల్గుణ వేసుకునే వేటగాడి వేషం గాసికి సరిగ్గా సరిపోయింది. అదే అతనికి మింగుడుపడలేదు.

నడుముకి చుట్టే పులిచారల గుడ్డ, మెడలో పూసల దండలు, వాటి చాటున చిన్న మైకు, నెమలీకలు గుచ్చిన తలపాగా. స్టోరురూములో ఒక్కొక్కటీ తగిలించుకుంటూ, ఎక్కడైనా బిగుస్తుందేమో, ఎక్కడైనా జారుతుందేమో అని వెతికాడు. ఎక్కడా తేడా రాలేదు. తలపాగా వెనక మొన్న గురువారం అంటిన ఎర్రమట్టి ఎండిపోయి ఉంది. గోటితో గీరాడు. పెచ్చులు రాలాయిగాని మరక పోలేదు.

"భలే! కొలత తీసి కుట్టినట్టుంది," అన్నాడు గుమ్మంలోంచి మేనేజరు స్వామి. "ఐదున్నరకి మొదలు. రెండు బస్సులు దిగాయి. ఒక్క రూమూ ఖాళీ లేదు. డైలాగులు వచ్చు కదా?"

"వచ్చు సార్."

"నాలుగేళ్లు పంది వేషంలో ఉండి హీరో డైలాగులు నేర్చుకున్నావంటే నీలో ఏదో ఉందయ్యా. ఇకనించి నాలుగొందలు నీవే. పందికి రెండొందలయాభై ఇచ్చి నిన్ను పాడుచేశాను."

గాసికి ఆ మాట లోపలెక్కడో తియ్యగా తగిలింది. తగిలినందుకు ఒళ్లు మండింది.

"సార్, మా ఫల్గుణ బావ సంగతి ఏటి సేసినారు?"

స్వామి గుమ్మానికి ఆనుకున్నాడు. అతని గొంతు పెరగలేదు. ఎప్పుడూ పెరగదు. "ఏం చెయ్యమంటావు? తాగి ఎక్కాడు, పడ్డాడు. జీపు మాట్లాడి ఆసుపత్రికి పంపించింది నేనే కదా."

"తాగనేదు సార్."

"వందమంది చూశారు గాసీ. స్టేజీ మీదే తాగాడు. వీడియోలున్నాయి." అని వాచీ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే రోడ్డు పక్కన ఉంది ఆ రిసార్టు. శని, ఆదివారాలూ సెలవురోజులూ సాయంత్రం పూట కొండకింద ఊరివాళ్లు పన్నెండుమంది వచ్చి పచ్చికలో కట్టిన వేదిక మీద 'వేట' ఆడతారు. వేటగాడు మంచె ఎక్కుతాడు. పంది వస్తుంది. వేటగాడు మంచె మీంచి బాణం వేసి, నిచ్చెన దిగి, పందిని భుజానికెత్తుకుని ఊళ్లోకి వస్తాడు. ఆడవాళ్లు పసుపునీళ్లతో కాళ్లు కడుగుతారు. ఆ తర్వాత థింసా. గెస్టులు కూడా చేతులు కలిపి నాలుగడుగులు వేసి, ఫోటోలు తీసుకుని భోజనాలకి వెళ్తారు.

వేటగాడు ఫల్గుణ. పంది గాసి. గోనెసంచుల తోలు కప్పుకుని, మోకాళ్ల మీద పాకి, బాణం తగలగానే దొర్లి తెరచాటుకి పోవాలి. అక్కడ కొబ్బరిపీచు కూరిన పందిబొమ్మని ఫల్గుణ చేతికి అందించాలి. నాలుగేళ్లుగా గాసి ఆ గోనెసంచి చీకట్లో, తన ఊపిరి తనకే వేడిగా తగులుతుండగా, ఫల్గుణ మాటలు పెదాలతో చెబుతూ వచ్చాడు. ఒక్కోచోట ఫల్గుణ తొందరపడతాడనీ, అక్కడ తనైతే ఆగేవాడిననీ అనుకునేవాడు.

సెలవురోజైన గురువారం, వాన వెలిసిన కాసేపటికే ఆట మొదలుపెట్టించాడు స్వామి. ఫల్గుణ మంచె మీద లేచి నిలబడ్డాడు, విల్లు ఎత్తాడు, కాలికింద తడి వెదురు జారింది. పడిన చప్పుడు గాసి గోనెలోంచి విన్నాడు. అప్పుడు జరిగిందే అతన్ని రెండు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. కేక వేయడానికి ముందు, పరుగెత్తడానికి ముందు, ఫల్గుణ చెప్పాల్సిన తర్వాతి మాట గాసి నోట్లోంచి దానంతటదే బయటికొచ్చింది. చిన్నగా. తనకి మాత్రమే వినపడేంత.

ఇక ఆ తాగుడు సంగతి. వేటకి బయల్దేరేముందు ఆకు దొన్నెలో జీలుగుకల్లు తెచ్చి కొండదేవతకి నేలమీద వంపి, మిగిలిన చుక్క నాలిక్కి తాకించడం ఆ ఊరి ఆచారం. వేట ఆటే అయినా, పంది గోనెదే అయినా, ఆ చుక్క లేకుండా ఫల్గుణ మంచె ఎక్కడు. మొదట్లో స్వామి వద్దన్నాడు. గెస్టులు ఫోన్లెత్తి తీయడం చూశాక తనే మైకు పట్టుకుని, "ఇప్పుడు మన వేటగాడు దేవతకి కల్లు సమర్పిస్తాడు!" అని చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగేళ్లు చప్పట్లు తెచ్చిన ఆ చుక్కే గురువారం సాయంత్రానికి ఫల్గుణని తాగుబోతుని చేసింది.

తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రాడ్డు వేస్తామన్నారు. అది ఆరోగ్య కార్డు మీద ఉచితంగా అయిపోతుంది. తర్వాత ఆరునెలలు మంచం. పని చేస్తుండగా పడ్డాడని రిసార్టు ఒప్పుకుని, లేచేదాకా సగం కూలి ఇస్తే చాలునని ఊరివాళ్లు అడిగారు. తాగి పడ్డవాడికి కూలేమిటన్నాడు స్వామి.

ఉదయం సుక్రు ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. సుక్రు తుడుం వాయిస్తాడు. ముసలివాడు, మాట తక్కువ.

"ఈయేల ఆడీసినామనుకో," అన్నాడతను, "ఇంక ఫల్గుణ పడనట్టే. మనిషి నిజంగా పడితే ఆట ఆగదేటి అంతారు."

"ఆపితే సింతపల్లి నుంచి ఏరేవోళ్లని దించుతాడంట. జీపు కూడా మాటాడీసినాడు," అంది రత్నాలు. థింసా వరసకి ముందు నిలబడేది ఆమే.

"దించనీ."

"దించితే నువ్వు తుడుం నీ దూడకి ఇనిపించుకో మావా. నా ఇంట్లో అంబలికి సోళ్లు నిండుకున్నాయి."

సుక్రు తుడుం తోలు మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఒక్కొక్కరే లేచి, ఒకరి మొహం ఒకరు చూడకుండా వెళ్లిపోయారు. సాయంత్రం అందరూ రిసార్టు గేటు దగ్గర కలిశారు.

సోములమ్మ కూడా వచ్చింది. ఫల్గుణ పెళ్లాం. గాసికి పెదనాన్న కూతురు. ఆసుపత్రిలో మరిదిని కూర్చోబెట్టి, కార్డు పట్టుకెళ్లడానికి పొద్దున్నే విశాఖ నుంచి పైకొచ్చింది. రేపు మళ్లీ దిగాలి. దిగడానికి జీపు ఖర్చు ఈ ఆటలోంచే రావాలి.

స్టోరురూము వెనక పసుపు కలుపుతున్న ఆమె దగ్గరికి గాసి వేషంతోనే వెళ్లాడు. పక్కనున్న రత్నాలు తలెత్తి చూసి, "ఓలమ్మో, పందికి పెళ్లికొడుకు ఏసం ఏసినారు!" అంది. తర్వాత ఇద్దరి మొహాలూ చూసి, చెంబు తీసుకుని పక్కకి తప్పుకుంది.

"అక్కా, నువ్వు ఆడొద్దంతే నాను ఆడను."

సోములమ్మ చెయ్యి పసుపునీళ్లలోనే ఆగింది. "నా నోటితో అనిపిత్తావేటిరా? ఆడమంతే మొగుణ్ణి అమ్ముకున్నదాన్ని. ఆడొద్దంతే పదిమంది నోటికాడ కూడు తీసినదాన్ని. నా నెత్తినెట్టకు. నీ కాళ్లు, నీ సేతులు. నువ్వే సూసుకో."

"బావ ఏటన్నాడు?"

"ఏటంతాడు? తాగనేదని సెప్పమన్నాడు. నెప్పికి అరుత్తన్నాడు, మద్దెలో అదే అంతన్నాడు. కాలు గురించి కాదు, దాని గురించే." ఆమె మళ్లీ పసుపు కలపడం మొదలుపెట్టింది. "ఆకు దొన్నె తెచ్చుకోనేదా? చుక్క నువ్వే ఒంపాల కదా ఈయేల."

ఆ చుక్క వంపుతున్నప్పుడు ఫోన్లు లేచాయి. స్వామి మైకులో ఎప్పటి మాటే చెప్పాడు. గొంతులో అదే ఉత్సాహం. గాసి మిగిలిన చుక్క నాలిక్కి తాకించుకున్నాడు. పుల్లగా ఉంది. ఇప్పుడు నేను పడితే నేనూ తాగుబోతునే అనుకున్నాడు. అనుకుంటూనే నిచ్చెన మీద కాలు పెట్టాడు.

మెట్లు తొందరగా అయిపోయాయి. ఇంకా ఎక్కాలనుకున్న కాలు గాల్లో తడుముకుంది. మంచె వచ్చేసింది.

గాసి చుట్టూ చూశాడు. పైన భోజనాల బాల్కనీలో కూర్చున్నవాళ్లకి కూడా కనపడాలని ఎండాకాలంలో స్వామి మంచెని మనిషెత్తు పెంచాడు. అంత ఎత్తులో తడి వెదురు మీద నిలబడలేనని, కనీసం పట్టుకోడానికి అడ్డకర్ర కట్టమని ఫల్గుణ అడిగాడు. చూడ్డానికి బాగుండదన్నాడు స్వామి. ఇప్పుడు మంచె పాత ఎత్తుకి దిగింది. నడుం దగ్గర అడ్డకర్ర కట్టి ఉంది. కొత్త కొబ్బరితాళ్లు, ఇంకా పచ్చిగా. కాలికింద వెదురుకి గోనెపట్టా చుట్టారు. బావ అడిగినవన్నీ చేశారు. బావ పడ్డాక చేశారు. పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు, ఎవరికీ చెప్పకుండా.

తాగి పడితే మంచె ఎందుకు దించినట్టు?

గాసి అడ్డకర్రని పట్టుకున్నాడు. గట్టిగా ఉంది. నాలుగేళ్లు ఈ చోటు కోసం ఆశపడ్డాడు. ఈ చోటు నుంచి తన మాట ఎలా మోగుతుందో గోనెలో ఎన్నిసార్లో ఊహించుకున్నాడు. విల్లు ఎత్తాడు. మాటలు వచ్చాయి. తడబడలేదు. ఫల్గుణ తొందరపడే చోట ఆగాడు. ఆగినచోట జనం ఊపిరి బిగబట్టడం తెలిసింది. బాగా ఆడుతున్నాడు. బాగా ఆడుతున్న కొద్దీ ఫల్గుణ ఇక్కడ ఎప్పుడూ లేనట్టే అవుతోంది. ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నారు: ఆడేవాడూ, ఆడుతున్నందుకు వాడి పీక నొక్కాలనుకునేవాడూ.

బాణం వేశాడు. దిగాడు. తెరచాటున పందిబొమ్మ సిద్ధంగా పడి ఉంది. గాజు గోళీల కళ్లు. పక్కన గాసి నాలుగేళ్లు కప్పుకున్న గోనెతోలు, ఇవాళ పంది వేసిన కుర్రాడు విప్పి పడేసినది, మోకాళ్ల దగ్గర అరిగిపోయి.

బయట మోరి సన్నాయి ఊదుతున్నారు. ఊరి ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఇప్పుడు వెళ్లాలి.

చైత్రంలో ఇటుకల పండగ అనే వేటపండగకి నిజంగా వేటకెళ్లినప్పుడు, ఊరి మొగదల ఆడవాళ్లు కాపు కాస్తారు. ఏం తెచ్చావని అడుగుతారు. చెప్పినదాంట్లో అబద్ధం ఉండకూడదు. తెచ్చినవాడికి పసుపునీళ్లు. ఉత్తచేతులతో వచ్చినవాడికి పేడ, బురద, ఏది దొరికితే అది, తలమీంచి కాళ్లదాకా. ఆ రోజు ఎంతటి మగవాడైనా పడి ఊరుకోవాల్సిందే. గెస్టుల ముందు పేడేమిటని స్వామి ఆ ముక్క ఆటలోంచి తీసేశాడు. ఈ ఆటలో వేటగాడు ఒక్కసారి కూడా ఉత్తచేతులతో రాలేదు.

గాసి పందిబొమ్మని దాటుకుని వెళ్లాడు.

వేదిక మధ్యకి వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ ముందుకి చాపి, అరచేతులు తెరిచాడు. సుక్రు తుడుం మీద దెబ్బ తప్పింది. పసుపునీళ్ల చెంబుతో ఎదురుగా ఉన్న సోములమ్మ అతని చేతుల్ని చూసింది.

అలవాటైన మాట, ఆట గొంతుతోనే, ఆమె నోట్లోంచి వచ్చింది. "అడవికెల్లినోడా, ఏటి తెచ్చావు?"

"ఏటీ తేనేదు."

జనం నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఇదీ ఆటేననుకున్నారు. బాల్కనీ మెట్ల దగ్గర సౌండు పెట్టె పక్కన నిలబడ్డ స్వామి కూడా ముందు నవ్వినట్టే పెదాలు సాగదీశాడు.

సోములమ్మ చెంబు కింద పెట్టింది. వేదిక అంచున వానకి నానిన ఎర్రమట్టి ఉంది. వంగి గుప్పెడు తీసింది. గాసి కళ్లు మూసుకోలేదు. మట్టి రొమ్ముకి తగిలింది. చల్లగా, బరువుగా, పూసల మధ్యనుంచి కిందికి జారింది. జనం చప్పట్లు కొట్టారు. గాసికి ఏడవాలనిపించింది. మట్టి పడినందుకు కాదు, ఆ చప్పట్లకి. ఏం చేసినా ఆటే అవుతోంది.

సోములమ్మ దగ్గరికొచ్చింది. ఈసారి ఆట గొంతు లేదు. పొయ్యి దగ్గర అడిగినట్టు, సన్నగా అడిగింది.

"నీ బావేడిరా?"

"పడిపోనాడు." మెడకి తగిలించిన మైకు ఆ మాటని పచ్చికంతా పరిచింది. "ఆ మంచె మీంచే. గురువారం. తాగనేదక్కా. నాను కిందే ఉన్నాను. ఇందాక నాను నాకినంత చుక్కే ఆడూ నాకినాడు. మంచె ఎత్తు ఒద్దన్నాడు, కర్ర కట్టమన్నాడు, కట్టనేదు. ఆడు పడినాక ఈయేల పొద్దున్న దించి..."

మైకు టక్కుమని చచ్చిపోయింది. గాసి మాట్లాడుతూనే ఉన్నాడు. గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయి, పచ్చిక మీదుగా మూడు వరసలు దాటలేకపోయింది. వెనకవాళ్లు ఇంకా చప్పట్లు కొడుతున్నారు. బాల్కనీలో ఎవరో థింసా ఎప్పుడని అడుగుతున్నారు. ముందు వరసలో ఒకావిడ ఫోను కిందికి దించి, మంచె వైపు, దాని కొత్త తాళ్ల వైపు చూస్తోంది.

"మ్యూజిక్కు! సుక్రూ, తుడుం కొట్టు!" స్వామి గొంతు మొదటిసారి పెరిగింది.

సుక్రు కర్రలు రెండూ తుడుం మీద అడ్డంగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

స్వామి పచ్చికకి అడ్డంపడి, నవ్వు మొహానికి అలాగే అతికించుకుని, వేదిక వైపు వస్తున్నాడు. సోములమ్మ మళ్లీ వంగింది. ఈసారి రెండు చేతులా తీసింది. లేచి నిలబడ్డప్పుడు ఆమె గాసి వైపు చూడటం లేదు.

"నువ్వేటి తెచ్చావు బాబూ?" అని అడిగింది.