బూట్లలో పరిచిన పరీక్ష

రష్యాతో యుద్ధంలో స్విర్ నది ఒడ్డున బంకర్‌లో ఉన్న రోజుల్లో నేను తుపాకీ కన్నా జాగ్రత్తగా చూసుకున్నది నా మంచం కింది గడ్డిని. హెల్సింకి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదువుతూ మధ్యలో సైన్యానికి వచ్చాను. ఇరవై రకాల తుంగగడ్డి ఎండబెట్టి, పేర్లు రాసి తెస్తే అంతకుముందు చదివిన రెండేళ్లూ నిలుస్తాయనీ, యుద్ధం అయ్యాక మిగతాది చదవొచ్చనీ లెక్చరర్ లిండెవాల్ గారు ఉత్తరం రాశారు. తేలేకపోతే మళ్లీ మొదటి నుంచీ. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాలో లేదని నాకు తెలుసు.

వేసవంతా చిత్తడి నేలల్లో ఏరి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి అణిచాను. నవంబరులో పరీక్ష సెలవు దొరికింది. ఆ కాగితం తెచ్చుకోవడానికి రెజిమెంట్ ఆఫీసుకు వెళ్లి మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మంచం కింద ఏమీ లేదు.

రెండు రోజుల క్రితమే మా బంకర్‌కు వచ్చిన ఔకుస్తి, ఉత్తరాన కిట్టిలా అనే ఊరివాడు, నా పాత బూట్లు తెచ్చి ముందు పెట్టాడు.

"కాళ్లు పెట్టి చూడు. ఐదుగురికీ పరిచాను. ఇక ఈ చలికాలం మీ వేళ్లకు ఢోకా లేదు."

వాళ్ల లాప్లాండ్‌లో చలికి బూట్లలో గడ్డి పరుచుకుంటారు. బాగా ఎండిన తుంగ కనిపిస్తే అది దేనికోసమో అక్కడ ఎవరూ అడగరు.

"అది నా పరీక్ష," అన్నాను.

మూల నుంచి సార్జెంట్ రేనో నవ్వాడు. "పొద్దుట్నుంచీ మేం పంతులుగారి చదువు మీదే నడుస్తున్నామన్నమాట."

ఔకుస్తి నవ్వలేదు. విషయమంతా విని, కూర్చుని, ముందు తన బూట్లే విప్పాడు.

"కంకులేం చేశావు?" అని అడిగాను. కంకి లేకపోతే ఏది ఏ తుంగో తేలదు.

"కాలికి గుచ్చుకుంటాయని కోసేశా. పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయని డబ్బాలో వేశా. నీ చీటీలూ అందులోనే ఉన్నాయి."

డబ్బాలోవి ఇంకా పొయ్యిలోకి పోలేదు. ఆ సాయంత్రం ఐదుగురం ఉత్తి కాళ్లతో కూర్చున్నాం. ఔకుస్తి ఒక్కొక్క కాడనూ వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది చెయ్యి కోస్తుంది, మడమ కింద వేశాను. ఇది మెత్తన, వేళ్ల దగ్గరిది." అతను కాడ ఇస్తే నేను కంకి వెతికాను. పద్నాలుగు కుదిరాయి. ఆరు పొడైపోయాయి.

హెల్సింకిలో లిండెవాల్ గారు కాగితాలన్నీ తిప్పి చూశారు. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇదేం వాసనయ్యా?"

దాచకుండా చెప్పాను. ఆయన కలం తీశారు. "మడమ కిందిది ఏదన్నావు?" అని మొదలుపెట్టి, ఔకుస్తి చెప్పినదంతా నా చేత చెప్పించుకుని రాసుకున్నారు.

"ఇరవై అడిగాను. మిగతా ఆరూ యుద్ధం అయ్యాక తెచ్చివ్వు. అంతవరకూ నీ చోటు నీదే. ముందు నువ్వు తిరిగి రా."

తిరిగొచ్చాను. కానీ ఏరిన నేలలు సరిహద్దుకు అవతల ఉండిపోయాయి. నాకు కావలసిన ఆరూ హెల్సింకి చుట్టుపక్కల దొరకలేదు. పందొమ్మిది వందల నలభై ఐదు శరదృతువులో, ఆయన పెట్టిన గడువుకు వారం ముందు, కిట్టిలా నుంచి ఒక పొట్లం వచ్చింది. జర్మన్లు పోతూ పోతూ ఆ ఊరిని తగలబెట్టారని అప్పటికే విన్నాను. లోపల ఆరు కట్టలు, ఒక చీటీ.

"ఇల్లు కాలింది. చిత్తడి నేల కాలలేదు. ఈసారి కంకులు కొయ్యలేదు, పంతులూ."

వాటిని కాగితాలకు అతికించడంలో ప్రయోగశాలలో పక్క బల్ల దగ్గరి అమ్మాయి సాయం చేసింది. ఆమే తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు నా భార్యగా నా ఇంట్లో ఉంది.

లిండెవాల్ గారు ఆరింటినీ వరసగా వాసన చూశారు.

"వీటికి ఏ వాసనా లేదే," అన్నారు కాస్త నిరాశగా. సంతకం పెట్టారు.