లేరు

మా ఇంటికి వచ్చే ఉత్తరాల్లో ముప్పాతిక మావి కావు. మాకంటే ముందు అక్కడ అద్దెకున్న ఒక వడ్రంగివి. మేం చేరి ఏడాది దాటినా ఆ మనిషి మొహం నేను చూడలేదు, ఆయన పేరు మాత్రం నా పేరుకంటే ఎక్కువసార్లు చదివాను. పనిముట్ల కంపెనీ కేటలాగులు, బ్యాంకువాళ్ల పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరో బీమా ఏజెంటు వేసే కార్డులు, అన్నీ మా తలుపు కింది సందులోంచే లోపలికి జారేవి. నా భార్య వాటిని చెప్పుల స్టాండు మీద పేర్చి పెట్టేది. ఎప్పటికైనా ఎవరో వచ్చి అడుగుతారని ఆవిడ నమ్మకం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను విసుక్కునేవాణ్ణి.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. వృత్తి అలాంటిది మరి. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై రెండేళ్లుగా పరాయివాళ్ల తప్పులు దిద్దీ దిద్దీ, ఎవరైనా ఒక్క మాట ఎక్కువ రాస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. ‘ప్రస్తుతం ఇప్పుడు’ అని రాస్తే ఒకటి కొట్టేస్తాను. ‘ఉచిత కానుక’ అని రాస్తే, కానుకకు డబ్బులు పుచ్చుకుంటారా అని తిట్టుకుంటూ ‘ఉచిత’ కొట్టేస్తాను. ఆఫీసులో నా వెనక నన్ను ‘కత్తెర’ అంటారు. తెలియనట్టు ఉంటాను గానీ, లోపల కాస్త గర్వమే.

మా వీధి పోస్ట్‌మాన్‌ను అందరూ ‘తుఫాను’ అంటారు. సైకిలు అంత నెమ్మదిగా తొక్కుతాడు. ఒక ఉదయం, నేను ఆఫీసుకు బయల్దేరుతున్న వేళ, వడ్రంగి పేరుతో ఒక రిజిస్టరు ఉత్తరం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. మూల మీద ఏదో కంటి ఆస్పత్రి ముద్ర ఉంది. నాది కాని ఉత్తరానికి నేనెందుకు సంతకం పెడతానయ్యా అన్నాను. పెట్టకపోతే వెనక్కి పంపాలట, ఎందుకు పంపుతున్నామో కవరు మీద రాయాలట. తన చేతిరాత తన పెళ్లానికే అర్థం కాదు గనక ఆ రాసేదేదో నన్నే రాసి కింద సంతకం చెయ్యమన్నాడు. నా భార్య వంటింట్లోంచి, ఉంచండీ, ఆస్పత్రి ఉత్తరం, ఎలాగోలా కనుక్కుని ఇద్దాం అంది. ఏడాదిలో కనుక్కున్నావా అని ఒక్క కసురు కసిరాను.

‘ఈ చిరునామాలో ప్రస్తుతం ఈ పేరు గలవారు లేరు’ అని రాయబోయాను. చెయ్యి ఆగింది. చిరునామా కవరు మీద ఉండనే ఉంది. పేరూ ఉంది. ‘ప్రస్తుతం’ దేనికి, దండగ. అన్నీ కొట్టేస్తే ఒక్క మాట మిగిలింది. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో ‘లేరు’ అని రాసి, సంతకం చేసి ఇచ్చాను. తుఫాను దాన్ని సంచిలో వేసుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత అదే ఆస్పత్రి నుంచి మామూలు ఉత్తరం ఒకటి వచ్చి గుమ్మంలో పడింది. చిరాగ్గా వంగి తీశాను. ఈసారి వడ్రంగి పేరు ముందు రెండు పొట్టి అక్షరాలు ఉన్నాయి, కీ.శే. అని. పేరు తర్వాత ‘గారి కుటుంబ సభ్యులకు’ అని. వారం వారం సంతాప ప్రకటనల్లో నేను దిద్దే అక్షరాలే అవి. పరాయి ఉత్తరం విప్పకూడదని నాకు తెలుసు. విప్పాను.

మరణవార్త అందిందనీ, ఆ కుటుంబం దుఃఖంలో పాలు పంచుకుంటున్నామనీ రాశారు. ఎడమ కంటి కార్నియా మార్పిడి జాబితాలో ఆయన వంతు వచ్చి, దాత కంటిపొర దొరికిందనీ, ఇటీవలి వార్త కారణంగా ఆ పొరను తర్వాతివారికి కేటాయించి, ఆయన పేరు తొలగించామనీ రాశారు. ఆ ఉత్తరంలో ఒక్క అచ్చుతప్పు లేదు. చెప్పుల స్టాండు పక్కనే కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివాను.

నా భార్య వచ్చి ఉత్తరం తీసుకుని చదివింది. ఆ రోజు కవరు మీద ఏం రాశారని అడిగింది. చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

“మా నాన్న పోయిన రోజు మీ ఆఫీసుకు ఫోన్ చేసి మీరేమన్నారు?” అంది. “‘మా మామగారు లేరు’ అన్నారు. అంతే అన్నారు. వాళ్లు మళ్లీ అడిగారా ఏ ఊరెళ్లారని?”

మర్నాడు తలుపులు తీసేసరికి ఆస్పత్రి ముందున్నాను. కౌంటరులో అమ్మాయి నెమ్మదస్తురాలు. ఫైలు వెతికి, నేను రాసిన కవరే నా ముందు పెట్టింది. రాసింది మీరేనా అంది. నేనేనన్నాను. మరి ఆయన ఉన్నారా అంది. ఉన్నారన్నాను. ఎక్కడున్నారంది. తెలియదన్నాను. ఇంకో పొర చూడమని అడిగాను, బతిమాలాను, చివరికి గొంతు పెంచాను.

“మీరే లేరన్నారు, మీరే ఉన్నారంటున్నారు, ఎక్కడున్నారో తెలీదంటున్నారు,” అంది ఆ అమ్మాయి కోపం లేకుండానే. “నేనేం చెయ్యనండీ? ఆయన్నే తీసుకురండి.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ తర్వాతి పదకొండు రోజుల్లో తెలిసింది. ఇంటి యజమానురాలి దగ్గరున్న వడ్రంగి ఫోన్ నంబరు ఎప్పుడో రద్దయింది. తుఫానుకు మాత్రం ఆయన ఏ కలప అడితిలో పనిచేసేవాడో గుర్తుంది. అడితివాళ్లు, చూపు మందగించాక మానేశాడనీ, భార్య ఏదో లాండ్రీలో ఇస్త్రీ చేస్తోందనీ చెప్పారు. ఏ లాండ్రీయో తెలియదు. ఆఫీసు ఎగ్గొట్టి, కనబడిన లాండ్రీకల్లా వెళ్లి అడిగాను. మొత్తం పద్నాలుగు తిరిగాను.

పద్నాలుగోదాని వెనక గదిలో దొరికారు. ఆవిడ నిలబడి ఇస్త్రీ చేస్తోంది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఇస్త్రీ అయిన చొక్కాలను తడుముకుంటూ మడత పెడుతున్నాడు. మడత ఎక్కడా వంకర పోవడం లేదు. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఎడమ కంటి మీద పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర. నేను ఏ ఇంట్లో ఉంటున్నానో చెప్పగానే ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి గబగబా వచ్చింది.

“ఉత్తరం వచ్చిందా అన్నా?” అంది.

ఏడాదిలో మూడు గదులు మారారట. రెండుసార్లు మా ఇంటికి వచ్చారట, రెండుసార్లూ తాళం వేసి ఉందట. ఆస్పత్రిలో అడిగితే, వంతు రాగానే ఉత్తరం పంపిస్తాం, ఊరికే తిరగొద్దన్నారట. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

కవరు మీద ఏం రాశారు సార్ అని అడిగాడాయన. లేరు అని రాశానన్నాను. ఆయన చిన్నగా నవ్వాడు.

“తప్పేం రాశారు సార్? ఆ ఇంట్లో లేనుగా,” అన్నాడు.

చెంప పగలగొట్టినా ఓర్చుకునేవాణ్ణి గానీ ఆ నవ్వు ఓర్చుకోలేకపోయాను. ఆవిడ నవ్వలేదు. నా కళ్లలోకే చూసింది.

“మీకు రెండు కళ్లూ ఉన్నాయి కదన్నా,” అంది. “ఇంకో రెండు మాటలు రాస్తే మీ సొమ్మేం పోయింది?”

పోయేదేమీ లేదమ్మా అన్నాను. నిజంగా ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం ఆస్పత్రికి వెళ్లాం. మనిషి ఎదురుగా నిలబడ్డాక, ఉన్నాడని ఒప్పుకోవడానికి వాళ్లకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పాత స్థానం మాత్రం ఇవ్వలేమన్నారు. ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ కొత్తగా, వరుస చివర చేరాల్సిందేనట. కొట్టేసింది నా తప్పు వల్ల, ఆయన తప్పు వల్ల కాదని నేను వాదించాను. పెద్ద డాక్టరు ఓపిగ్గా విన్నాడు. ఆయన వంతు పొర ఇప్పటికే ఇంకొకరి కంటికి కుట్టేశామనీ, వరుసలో ఉన్న ప్రతివాళ్లూ ఆయనలాగే చీకట్లో కూర్చున్నారనీ, ఎవర్ని వెనక్కి నెట్టమంటారో మీరే చెప్పండనీ అన్నాడు. ఎవర్నని చెప్పను? ఎడమ కన్ను పరీక్ష చేసి, లోపల పుండు పడుతోందనీ, మహా అయితే ఆరు నెలలు ఆగుతుందనీ, ఆ తర్వాత పొర దొరికినా కుట్టడానికి వీలుండదనీ చెప్పాడు. వరుస ఎంత పొడుగుందని ఆవిడ అడిగింది. రెండేళ్లన్నాడు.

ఇంకెందుకు, ఇంటికి పోదామంది ఆవిడ. ఆయన వినలేదు. పేరు ఉంటే ఉంటుందిలే, రాయించు అన్నాడు. కౌంటరులో అమ్మాయి కొత్త దరఖాస్తు నా చేతికిచ్చింది. బల్ల ముందు కూర్చుని పేరు, వయసు, వృత్తి రాశాను. చిరునామా దగ్గర ఆగి, లాండ్రీ పేరు ఏమిటని అడిగాను.

“మేముండే ఆ వెనక గది కూడా ఈ నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారు సార్,” అన్నాడాయన. “మాకేముంది, నెలకో గది. మీ ఇంటి అడ్రసే రాయండి. అక్కడికైతే నా ఉత్తరాలు దారి తప్పవు.”

ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. వద్దని చెప్పే మొహం నాకు లేదు. ఆవిడ తల తిప్పుకుని గోడకేసి చూస్తూ నిలబడింది. మా ఇంటి నంబరు, వీధి పేరు రాసి కాగితం ఇచ్చేశాను. రెండేళ్లకు ఆ ఉత్తరం వస్తుంది. అప్పటికి పొర కుట్టడానికి ఆయనకు కన్ను మిగలదు. అయినా తుఫాను దాన్ని మా గుమ్మంలోకే తెస్తాడు, సంతకం పెట్టి నేనే తీసుకోవాలి.